రేపు మళ్ళీ వచ్చేవాళ్ళ కోసం వండే వంట

దక్షిణ ఫ్రాన్సు చూసివచ్చిన మనవాళ్ళు అక్కడి లావెండర్ పొలాల గురించి, రోమన్ల కాలపు కట్టడాల గురించి ఎంత మురిపెంగా చెబుతారో, వేళకు తిండి దొరక్క పడిన అవస్థల గురించి అంత విసుగ్గా చెబుతారు. మధ్యాహ్నం మూడింటికి ఆకలేసి రెస్టారెంటు తలుపు తోస్తే వంటగది కట్టేశామంటారు. సాయంత్రం ఆరింటికి పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ఏడున్నరకు రమ్మంటారు. ఆదివారం రాత్రి, సోమవారం పగలు సగం ఊరు తాళం వేసుకుని కూర్చుంటుంది. తెరిచి ఉన్న చోటనైనా మెనూలో ఉండేవి మూడు నాలుగు రకాలు, వాటిలో మనం తినగలిగేది ఒక్కటి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఈ సంగతులన్నీ నిజమే. నీమ్, ఉజెస్, నార్బోన్, కార్కసోన్, మార్సెయ్, నీస్ వంటి ఊళ్ళలో వేర్వేరు ఋతువుల్లో తిరుగుతూ, చాలా పూటలు బాగా తిని, కొన్ని పూటలు బిస్కెట్లతో సరిపెట్టుకుని నేనూ చూశాను. నాకు పేచీ ఉన్నది ఈ సంగతుల నుంచి చాలామంది తీసే తీర్పుతోనే. వాళ్ళకు వ్యాపారం చేతకాదనీ, గిరాకీ అంటే లెక్కలేదనీ మనవాళ్ళు తేల్చేస్తారు. ఆ ఊళ్ళలో మంచి భోజనం దొరకడానికీ, రెండు గంటలకల్లా తలుపులు మూయడానికీ మూలం ఒకటేనని నా వాదన. ఆ వంట ఎవరి కోసం చేస్తున్నారో గమనిస్తే రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

ఒక మామూలు పనిదినం తీసుకుందాం. నీమ్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉజెస్ చిన్న ఊరు. శనివారం సంత రోజున కమానుల నడవాల మధ్య ఉన్న దాని నడిబొడ్డు చౌకు యాత్రికులతో కిటకిటలాడుతుంది కానీ, నేను చెప్పేది మంగళవారమో గురువారమో చౌకుకు రెండు వీధుల అవతల కనిపించే హోటల్ గురించి. పన్నెండు కొట్టే వేళకు గుమ్మం ముందు నల్లపలక మీద సుద్దముక్కతో ఆ రోజు వంటకం పేరు రాసి ఉంటుంది. దాన్ని 'ప్లా ద్యు జూర్' అంటారు. ముందు తినే చిన్న పళ్ళెంతో కలిపి దాన్ని తీసుకోవచ్చు, లేదా చివర తినే తీపితో కలిపి తీసుకోవచ్చు. ఎటు తీసుకున్నా నాకు సాధారణంగా 16 నుంచి 22 యూరోల మధ్య అయ్యేది. పన్నెండుంబావుకు బ్యాంకు ఉద్యోగులు, మందుల దుకాణంలో పనిచేసేవాళ్ళు, బట్టలకు సున్నపు మరకలతో మేస్త్రీలు, పంచాయతీ ఆఫీసు వాళ్ళు రావడం మొదలవుతుంది. వాళ్ళెవరూ మెనూ అడగరు. పలక చూసి వచ్చినవాళ్ళే కాబట్టి తల ఊపితే చాలు. ఒంటిగంటన్నరకు కాఫీ తాగి లేస్తారు. లోపల వంటకు ఒక మనిషి, వడ్డనకు ఒక మనిషి, మహా అయితే గిన్నెలు కడగడానికి ఇంకొకరు; పాతిక ముప్ఫై కుర్చీలు, ఒకే పంక్తి.

ఈ లెక్కలోనే కీలకం ఉంది. వంట చేసే మనిషి పొద్దున్నే ఆ పంక్తికి సరిపడా కూరగాయలు, మాంసం, చేపలు తెచ్చుకుని అంతే వండుతాడు. పలక మీది పేరును తడిగుడ్డతో తుడిచేశారంటే గిన్నె ఖాళీ అయిందని అర్థం. ఆ ఇద్దరు ముగ్గురు మనుషులే కాస్త నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ వచ్చి రాత్రి పదకొండు దాకా నిలబడాలి. మూడింటికి వచ్చినవాడికి కూడా వేడిగా వడ్డించాలంటే దారులు రెండే: జీతమిచ్చి ఇంకో జట్టును పెట్టుకోవడం, లేదా వేడిచేసి పెట్టడానికి ముందే వండిన తిండి సంచులను ఫ్రీజర్ నిండా పెట్టుకోవడం. పద్దెనిమిది యూరోల భోజనం మొదటి దారికి గిట్టుబాటు కాదు. అందుచేత రోజంతా ఆగకుండా వడ్డిస్తామని బోర్డు పెట్టి, నలభై రకాల వంటకాలు రాసిన చిన్న హోటల్‌ను చూసి రెండో దారిలో నడుస్తోందని అనుమానపడటం అన్యాయమేమీ కాదు. పెద్ద పట్టణాల్లో, రైల్వే స్టేషన్ల ఎదురుగా ఉండే బ్రాస్రీలు అనే పెద్ద హోటళ్ళ సంగతి వేరు. వాటికి జట్లు జట్లుగా మనుషులుంటారు, రోజంతా నడపడం వాటికి పాత అలవాటే.

ఊరంతా ఒకేసారి భోజనానికి బయటికి రావడం వెనక రుచీ అభిరుచీ మాత్రమే లేవు, చట్టమూ ఉంది. పనిచేసే గదుల్లో ఉద్యోగులను భోజనం చేయనివ్వకూడదని ఫ్రెంచి కార్మిక నియమావళిలో నిబంధన ఉంది. కోవిడ్ రోజుల్లో, 2021లో, దాన్ని తాత్కాలికంగా సడలించవలసి వచ్చినప్పుడుగాని అలాంటి నిబంధన ఒకటి ఉందని బయటి ప్రపంచానికి తెలియలేదు. ఆచరణలో కంప్యూటర్ ముందు శాండ్‌విచ్ తినేవాళ్ళు అక్కడా ఉన్నారనుకోండి. దానికి తోడు భోజన కూపన్లున్నాయి. ఒక్కో కూపన్ విలువలో సగం నుంచి అరవై శాతం దాకా యజమాని భరిస్తాడు, మిగతాది ఉద్యోగి జీతం నుంచి పోతుంది. 1967 నుంచి వాటికి చట్టబద్ధమైన చట్రం ఉంది. ఈ కూపన్లంటే మనవాళ్ళకు కొత్తేమీ కాదు. హైదరాబాదు ఐటీ ఉద్యోగులు ఏళ్ళ తరబడి 'సొడెక్సోలు' అని పిలుచుకున్న కూపన్ల వెనకున్న సంస్థ 1966లో పుట్టింది మార్సెయ్‌లోనే. చిన్న ఊళ్ళో పద్దెనిమిది యూరోల భోజనం నిలబడి ఉందంటే, పనిదినాల్లో కూపన్ చేతపట్టుకుని వచ్చే ఈ మనుషుల వల్లనే. యాత్రికుడు ఆ పంక్తిలో చివర కుర్చీ దొరికించుకున్న అతిథి మాత్రమే.

మన ఊళ్ళలో కోర్టు పక్కనో కలెక్టరాఫీసు వెనకో ఉండే మెస్సు గుర్తుచేసుకుంటే ఇదంతా వింతగా అనిపించదు. అక్కడా మధ్యాహ్నం దాకానే అన్నం, అక్కడా ఆ రోజు వండిన పప్పే పప్పు, రోజూ వచ్చే గుమాస్తా ముఖం చిట్లిస్తే మర్నాటి సాంబారు మారుతుంది. రేపు మళ్ళీ వచ్చేవాడిని మోసగించడం ఏ హోటల్‌కూ సాధ్యం కాదు, ఎల్లుండి ఊరు దాటిపోయేవాడిని మోసగించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. దక్షిణ ఫ్రాన్సులో నేను తిన్న మంచి భోజనాలూ చెడ్డ భోజనాలూ దాదాపు అన్నీ ఈ ఒక్క గీతకు అటో ఇటో పడతాయి. రోమన్ శిథిలాలకో, కోటకో, రేవుకో ఎదురుగా ఉన్న చౌకులో రాత్రి భోజనం చేసేవాడు మళ్ళీ రాడని ఆ హోటల్‌కు తెలుసు. అక్కడ కుర్చీ ఖరీదులో సగం ఎదురుగా కనిపించే దృశ్యానికే పోతుంది.

కార్కసోన్‌లో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలే-ల్-ద్యుక్ పునరుద్ధరించిన ఆ కోట 1997 నుంచి ప్రపంచ వారసత్వ సంపద. కోటగోడల లోపలి సందుల్లో అడుగుకో హోటల్, ప్రతి హోటల్ ముందూ కాసులే బొమ్మ. కాసులే అంటే తెల్ల చిక్కుడుగింజలు, పంది మాంసం, సాసేజ్, కొవ్వులో ఊరిన బాతు మాంసం కలిపి మట్టిపాత్రలో గంటల తరబడి మగ్గబెట్టే వంటకం. పైన కట్టిన గోధుమరంగు పొరను మళ్ళీ మళ్ళీ లోపలికి నొక్కుతూ పొయ్యిలోనే ఉంచాలి. పాత్ర అంచు వెడల్పుగా, అడుగు ఇరుకుగా ఉండటం ఆ పొర కోసమే. తొందరలో చేయడానికి వీల్లేని వంట ఇది. కోట లోపల సాయంత్రం ఐదింటికి, కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకు నా ముందుకొచ్చిన కాసులేలో గింజలు పిండై, పైపొర మాత్రం మంట కింద అప్పటికప్పుడు మాడ్చినట్టు ఉంది. అక్కడికి గంటలోపు ప్రయాణంలో, కెనాల్ ద్యు మిది ఒడ్డున ఉన్న కాస్తెల్‌నొదారీ ఈ వంటకం పుట్టిల్లు తనదేనని చెప్పుకుంటుంది. కార్కసోన్, తూలూజ్ ఒప్పుకోవు, అది వేరే రామాయణం. ఆ ఊళ్ళో పనిదినం మధ్యాహ్నం తిన్న కాసులే గింజ గింజకూ విడిగా ఉండి, నోట్లో వెన్నలా జారింది. ఆశ్చర్యమేమిటంటే డబ్బాల్లో కాసులే నింపి దేశమంతా పంపే కర్మాగారాలు కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఆ డబ్బా సరుకు తీసిపారేయదగిందేమీ కాదు. దాన్ని మట్టిపాత్రలోకి వంచి కోటగోడ పక్కన పాతిక యూరోలకు అమ్మడమే నాకు గిట్టదు.

ఇలాంటి మాయను పట్టుకోవడానికి ప్రభుత్వం 2014లో ఒక గుర్తు తెచ్చింది. పచ్చి సరుకుతో ఆ హోటల్లోనే వండిన వంటకం పక్కన ఇంటికప్పు మూతగా ఉన్న మూకుడు బొమ్మ వేసుకోవచ్చు. 'ఫే మెజోఁ', అంటే ఇంట్లో చేసింది, అని రాసుకోవచ్చు. ఉద్దేశం మంచిదే. కానీ ఏమీ కలపకుండా గడ్డకట్టించిన పచ్చి కూరగాయా పచ్చి చేపా కూడా చట్టం దృష్టిలో పచ్చి సరుకే కాబట్టి, ఫ్రీజర్ చేపను పెనం మీద వేసినవాడికీ పొద్దున సంతలో చేపను ఏరి తెచ్చుకున్నవాడికీ ఒకే బొమ్మ దక్కుతుంది. బొమ్మ లేని చోటును అనుమానించడానికి అది పనికొస్తుంది, ఉన్న చోటును నమ్మడానికి చాలదు. దానికన్నా నేను నమ్మే ఆనవాళ్ళు ఇంకా మోటువి: పలక మీది రాత ఇవాళ్టిదా కాదా, మెనూ ఎన్ని భాషల్లో ఉంది, వంటకాల ఫోటోలున్నాయా, పన్నెండున్నరకు లోపల కూర్చున్నవాళ్ళలో ఎందరు పని బూట్లతో ఉన్నారు. గుమ్మం ముందు నిలబడి రమ్మని చేయి ఊపే మనిషి ఉంటే నేను ఆగకుండా నడిచిపోతాను.

కుర్చీలో కూర్చున్నాక పాటించవలసిన పద్ధతులు కొద్దివే. వాటిని పొగరుగా పొరబడే మనవాళ్ళు ఎక్కువ. లోపలికి అడుగుపెట్టగానే 'బోన్‌జూర్' అనకుండా నేరుగా టేబుల్ అడగడం అక్కడ మర్యాద తప్పడమే. ఆ ఒక్క పలకరింపుతో వడ్డించేవాళ్ళ ముఖం ఎంత మారుతుందో లెక్కలేనన్ని సార్లు చూశాను. ఖాళీ కుర్చీ కనిపించినా వాళ్ళు చూపించే దాకా ఆగాలి. నీళ్ళు అడిగితే సీసా నీళ్ళు కావాలా అని అడుగుతారు. 'కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్ళు కూజాలో ఉచితంగా వస్తాయి. భోజనం చేసేవాళ్ళకు అవి ఇవ్వక తప్పదు. ఉచితంగా దొరుకుతాయని కనిపించేలా రాసిపెట్టాలన్న నియమం 2022 నుంచి అమల్లో ఉంది. రొట్టె బుట్ట భోజనంతో పాటే వస్తుంది, ఖాళీ అయితే మళ్ళీ అడగవచ్చు. మెనూలో రాసిన ధరలోనే పన్నూ వడ్డన రుసుమూ కలిసి ఉంటాయని చట్టం. మీద చిల్లర పెట్టడం మన ఇష్టం. ఈ మధ్య యాత్రికులు ఎక్కువగా వచ్చే చోట్ల కార్డు మిషనే పది శాతమా పదిహేను శాతమా అని అడగడం మొదలుపెట్టింది. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత మనకు లేదు. ఇక బిల్లు మనం అడిగే దాకా తేరు. మనం కూర్చున్న టేబుల్ ఆ పూటకు మనదేనన్న లెక్కతో అలా చేస్తారు. బిల్లు తెచ్చి ముందు పెట్టడమంటే లేచి వెళ్ళమన్నట్టు. మన దగ్గర చేతులు కడుక్కుని వచ్చేలోగా బిల్లు టేబుల్ మీద ఉంటుంది కాబట్టి, ఈ ఆలస్యాన్ని నిర్లక్ష్యంగా చదువుకుంటాం.

శాకాహారుల సంగతి అంత తేలిగ్గా తేలదు. మా ఆవిడ మాంసం, చేప ముట్టదు. గుడ్డు, పాలు తీసుకుంటుంది. ఆగ్నేయ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ నేల చూస్తే ఆమెకు అదొక స్వర్గం కావాలి. వంకాయ, టమాటా, గుమ్మడి జాతి కూరలు, పెద్ద శనగలు, ఆలివ్ నూనె, వెల్లుల్లి, తులసి కుటుంబపు బాసిల్: ఈ సరుకుతోనే కూరగాయలు కలిపి మగ్గబెట్టే రతతూయ్ ఉంది, కూరగాయలను పొరలు పొరలుగా పేర్చి కాల్చే తియాన్ ఉంది, వేసవిలో చిక్కుళ్ళూ కూరగాయలూ ఉడికించి బాసిల్, వెల్లుల్లి, ఆలివ్ నూనెల ముద్ద కలిపే సూప్ ఓ పిస్తూ ఉంది. అయినా హోటల్ మెనూలో ఆమెకు మిగిలేది ఎక్కువసార్లు మేకపాల జున్ను రొట్టెముక్కలతో సలాడ్ ఒక్కటే, అందులోనూ చెప్పకుండా పంది మాంసం ముక్కలు చల్లి ఉంటాయి. ఉల్లిపాయలు పరిచి కాల్చే పిసలాదియేర్ రొట్టె మీద ఆంచొవీ చేప, ఆలివ్ ముద్ద తపనాద్‌లో ఆంచొవీ చేప. కూరగాయలు అక్కడ రాజ్యమేలేది ఇళ్ళలో. ధర పెట్టి అమ్మే పళ్ళెంలో మాంసమో చేపో లేకపోతే గిరాకీకి లోటు చేసినట్టని హోటళ్ళు అనుకుంటాయి. పిల్లలు మాత్రం మారుతున్నారు: బడి క్యాంటీన్లలో వారానికి ఒక పూట శాకాహారం పెట్టాలని 2018 నాటి చట్టంతో 2019లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2021లో దాన్ని శాశ్వతం చేశారు.

ఇక్కడ కూడా నా వాదనకు బలమిచ్చింది వేళే. ల్యూబెరోన్ కొండల దిగువన ఉన్న ఆప్ట్‌లో ఒక పనిదినం పన్నెండుకే వెళ్ళి కూర్చున్నాం. పలక మీద గొర్రె మాంసం రాసి ఉంది. మా ఆవిడ తన సంగతి చెప్పగానే వడ్డించే అమ్మాయి లోపలికి వెళ్ళింది, వంటాయన చేతులు తుడుచుకుంటూ తనే బయటికి వచ్చాడు.

"గుడ్లు తింటారా మేడమ్? జున్ను?"

"తింటాను. చేప మాత్రం వద్దండి."

"అయితే నాకు వదిలేయండి," అని లోపలికి వెళ్ళి, గొర్రె మాంసం పక్కన వడ్డించడానికి చేసిన తియాన్‌నే పెద్ద పళ్ళెంలో పెట్టి, కమార్గ్ ఎర్రబియ్యం అన్నంతో, పైన సగం ఉడికిన గుడ్డుతో పంపించాడు. ధర కూడా రెండు యూరోలు తగ్గించి వేశారు. అదే యాత్రలో మరో ఊళ్ళో, రోమన్ కట్టడానికి ఎదురుగా, రాత్రి తొమ్మిదింటికి ఇదే మాట చెబితే వడ్డించే అతను మెనూ చివరి పేజీలో పిజ్జా చూపించి వెళ్ళిపోయాడు. రెండో అతను దుర్మార్గుడని నేను అనను. అతని వెనకున్న వంటగదిలో పళ్ళెం మార్చగల మనిషే ఉండి ఉండడు, సంచి కత్తిరించే మనిషి ఉండి ఉంటాడు. పన్నెండుకు వంటాయన దగ్గర సమయమూ ఉంటుంది, సరుకూ ఉంటుంది; ఒంటిగంటన్నరకు అతని దగ్గర రెండూ ఉండవు.

వేళతో పనిలేని తిండి కూడా ఆ తీరంలో ఉంది, అది వీధి తిండి. నీస్ పాత బస్తీలో సొక్కా అనేదాన్ని పెద్ద శనగల పిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి జారుగా చేసి, బారెడు వెడల్పున్న రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు మాడి, మధ్య మెత్తగా ఉండగానే గీకి తీసి, మిరియాల పొడి ధారాళంగా చల్లి కాగితంలో పెట్టిస్తారు. చేత్తో తినాలి, వేడి చల్లారితే దాని పని అయిపోయినట్టే. మార్సెయ్ వైపు అదే పిండిని గట్టిగా ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి నూనెలో వేయిస్తే పానిస్. నగరానికి ఉత్తరపు అంచున ఉన్న లెస్తాక్‌లో సముద్రం ఒడ్డున గుడిసె దుకాణాల్లో వేడి వేడిగా అమ్ముతారు. మా ఆవిడ ఆ తీరమంతటికీ వేసిన మార్కుల్లో మొదటి రెండు స్థానాలు వీటివే. నేను పోటీకి సెత్ రేవులో దొరికే తియెల్‌ను నిలబెట్టాను. ఇటలీ నుంచి వలస వచ్చిన జాలర్ల వంట అది. కారం టమాటా గుజ్జులో ఆక్టోపస్ ముక్కలు పెట్టి మూసిన గుండ్రని రొట్టె. ఆంధ్ర నాలుకకు ఆ కారం లెక్కలోకి రాకపోయినా, ఫ్రాన్సులో కారమన్న మాటకు అర్థమున్న అరుదైన తిండి అది.

నా సిద్ధాంతానికి లొంగని వంటకం ఒకటుంది, మార్సెయ్ బూయాబేస్. ఒకప్పుడు అమ్ముడుపోని రాతిచేపలతో జాలర్లు చేసుకున్న పులుసు ఇప్పుడు మనిషికి అరవై డెబ్బై యూరోలు పలుకుతుంది. నకిలీలు పెరిగిపోయాయని 1980లో కొందరు రెస్టారెంటు యజమానులు ఒక ఒడంబడిక రాసుకున్నారు: పేర్కొన్న చేపల్లో కనీసం నాలుగు రకాలు ఉండాలి, పులుసూ చేపలూ విడివిడిగా వడ్డించాలి, చేపను తినేవాడి ఎదుటే కోయాలి. మంచి చోట ముందు రోజే చెప్పి ఉంచాలి. తినేవాళ్ళలో ఎక్కువమంది యాత్రికులే, అయినా వంట నిజాయితీగానే ఉంటుంది. అంటే మళ్ళీ వచ్చే గిరాకీ లేనిచోట ఆ పనిని రాతపూర్వకమైన కట్టడి చేయగలదన్నమాట, కాకపోతే దానికి అరవై యూరోలు చెల్లించాలి. నేను ఒకసారి తిన్నాను, బాగుంది, రెండోసారి తినాలనిపించలేదు. అక్కడికి నడిచివెళ్ళే దూరంలో, నొఆయ్ పేటలో, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ హోటల్లో కూరగాయల పులుసుతో కుస్‌కుస్ అనే గోధుమరవ్వ వంటకం తిన్నాం. మా ఆవిడకు ఆ నగరంలో దొరికిన నిండు భోజనం అదే.

పెజెనాస్‌లో ఎదురైన తిండి మాత్రం నన్ను నేరుగా మన చరిత్రలోకి తోసింది. ఆ ఊరి బేకరీల్లో దారపు కండె ఆకారంలో చిన్న చిన్న రొట్టెలు అమ్ముతారు. లోపల గొర్రె మాంసం, బెల్లపు రంగు చక్కెర, నిమ్మతొక్క తురుము. తీపీ మాంసమూ కలిసిన ఆ రుచి ఫ్రాన్సులో ఇంకెక్కడా నాకు తగల్లేదు. 1768లో ఆరోగ్యం కోసం వచ్చి ఆ ఊరి దగ్గర బస చేసిన రాబర్ట్ క్లైవ్ వంటవాళ్ళు ఈ విద్యను వదిలిపోయారని స్థానికులు చెప్పుకుంటారు. ఆ క్లైవే బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపి 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడింపజేశాడు, 1759లో మచిలీపట్నం కోటను పట్టించాడు, 1765లో ఉత్తర సర్కారులకు మొగలు చక్రవర్తి నుంచి ఫర్మానా తెచ్చుకున్నాడు. తెలుగునేల మీద తమను కాలు నిలవకుండా చేసినవాడి ఫలహారాన్ని ఫ్రెంచివాళ్ళు తమ ఊరి ప్రత్యేకతగా అమ్ముకుంటుంటే, దాన్ని తెలుగువాడు కొనుక్కుని తినడం తమాషాగానే ఉంటుంది. వేడిగా తినాలి, చల్లారితే కొవ్వు అంగిలికి అంటుకుంటుంది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ళ మాటలో బలమున్న చోటు లేకపోలేదు. పసిపిల్లలతో తిరిగేవాళ్ళకు ఏడున్నర దాకా ఆగడం కుదరదు; రైలు ఆలస్యమై రెండున్నరకు దిగినవాడిది తప్పు కాదు; సోమవారం ఒక్కరోజే ఊళ్ళో ఉండేవాడికి ఎంత సిద్ధాంతం చెప్పినా కడుపు నిండదు. ఆ వేళల్లో వాళ్ళను ఆదుకునేది తుర్కీ, ఉత్తర ఆఫ్రికా కుటుంబాలు నడిపే కెబాబ్ దుకాణాలే. ఫ్రెంచి భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2010లో తన జాబితాకు ఎక్కించింది కానీ, ఆ సంప్రదాయం గడియ పెట్టుకున్న గంటల్లో ఆకలి తీర్చేవాళ్ళకు ఏ జాబితాలోనూ చోటు లేదు. అంతమాత్రాన ప్రతి చిన్న హోటలూ రోజంతా తెరవాలని అడగడం సరికాదని నేను ఇప్పటికీ అంటాను. ఇద్దరు మనుషుల వంటగదిని పన్నెండు గంటలు తెరవమంటే మనకు దక్కేది కోటగోడ పక్కన నాకు దక్కిన కాసులేనే.

ఆ వంటగదులకు అసలు ముప్పు ఫిర్యాదు చేసే యాత్రికుడి నుంచి రాదు. భోజన కూపన్లతో సూపర్‌మార్కెట్లో పచ్చి సరుకు, పాస్తా, బియ్యం కూడా కొనుక్కోవచ్చని 2022లో ప్రభుత్వం అనుమతించింది, రోజుకు 19 యూరోలున్న పరిమితిని 25కు పెంచింది. ధరలు మండిపోతున్న రోజుల్లో ఉద్యోగులకు అది ఊరటే, అందుకే తాత్కాలికమన్న ఆ ఏర్పాటును పొడిగిస్తూ వస్తున్నారు. రెస్టారెంటు యజమానుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెబుతున్నాయి, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కూపన్ సూపర్‌మార్కెట్ దారి పడితే పనిదినం పంక్తిలో కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీని యాత్రికులతో నింపుకోవాలని చూసిన హోటల్ కొన్నాళ్ళకు పలక తీసేసి ఫోటోల మెనూ పెడుతుంది. నార్బోన్‌లో 1901లో తెరిచిన ఇనుప కట్టడపు సంత ఇప్పటికీ ఈ పరీక్షకు నిలబడి ఉంది. మాజీ రగ్బీ ఆటగాడు నడిపే తిండికొట్టులో అతను మైకు గొట్టంలో కేక పెడితే, కసాయి మాంసం పొట్లాన్ని గిరాకీల తలల మీదుగా విసురుతాడు, అతను అందుకుని పెనం మీద వేస్తాడు. ఫోటోలు తీసుకునే మనలాంటివాళ్ళు చుట్టూ ఎందరున్నా, బల్ల ముందు మోచేతులు ఆనించి తినేవాళ్ళలో ఆ ఊరివాళ్ళకు కొదవలేదు.

వెళ్ళబోయేవాళ్ళు రోజును ఎలా అమర్చుకోవాలని అడిగితే నేను చెప్పేది ఇది. ఖర్చుపెట్టదలచుకున్న డబ్బును మధ్యాహ్నానికి కేటాయించండి. పొద్దున సంతలో తిరుగుతూ రాత్రికి కావలసిన జున్ను, టమాటాలు, ఆలివ్‌లు, పండ్లు కొని గదిలో పెట్టుకోండి. చౌకులో రాత్రి భోజనానికి పెట్టే డబ్బులో మూడో వంతుతో దానికన్నా మంచి తిండి తింటారు. పన్నెండుంబావుకల్లా పలక ఉన్న చోట కూర్చోండి, శాకాహారులైతే ఇంకో పావుగంట ముందే. మ్యూజియం చూడలేకపోతామేమోనన్న బెంగ అక్కర్లేదు. ఆ చిన్న ఊళ్ళలో చాలా మ్యూజియాలు కూడా మధ్యాహ్నం రెండింటి దాకా మూసే ఉంటాయి. టికెట్లు అమ్మే ఆవిడ బహుశా మీ పక్క టేబుల్లోనే కూర్చుని భోజనం చేస్తూ ఉంటుంది.